మోచేతి కింద చెయ్యి పోతే: మొదటి చెయ్యి తొందరగా, రెండోది నిదానంగా

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. తమ్మునికి 27 ఏండ్లు. జిన్నింగ్ మిల్లు మిషన్ల పడి కుడి చెయ్యి మోచేతి కింద తీసేసిండ్రు. రెండు నెలలైంది, కుట్లు మానినయ్. ఒక కంపెనోళ్లు కరెంటు చెయ్యి పెడతం, లక్షలల్ల అయితది అంటున్నరు. ఇంకొకలు క్యాంపుల ఫ్రీగ ఇస్తరు, ఆగుమంటున్నరు. రాత్రి పూట లేని చెయ్యి గుంజుతున్నదని నిద్రపోతలేడు. ఏం చెయ్యాలె?

అన్నా, ఇద్దరూ చెప్పింది సగం సగం నిజమే. ఆగొద్దు. అట్లాగని ఇప్పుడే లక్షలు పోయొద్దు.

మిగిలిన చెయ్యిని మేము స్టంప్ అంటాం. ఆపరేషన్ అయ్యాక దాని వాపు దిగుతుంది, పని లేని కండ కరుగుతుంది, వారం వారం సన్నబడుతుంది. ఈ మార్పు ఎక్కువగా మొదటి 3 నుంచి 6 నెలల్లో జరుగుతుంది, కొందరికి ఏడాది దాకా సాగుతుంది. పెట్టుడు చేతిలో అసలు సంగతి వేళ్లు కాదు, స్టంప్ దూరే ఆ గిన్నె లాంటి సాకెట్. కరెంటు చేతికైతే సాకెట్ లోపల, కండ బిగిసినప్పుడు వచ్చే సిగ్నల్‌ను పట్టే రెండు ఎలక్ట్రోడ్లు చర్మాన్ని అంటుకొనే ఉండాలి. స్టంప్ కాస్త సన్నబడగానే ఎలక్ట్రోడ్ చర్మాన్ని వదిలేస్తుంది, చెయ్యి చెప్పిన మాట వినదు. తెరవమంటే మూసుకుంటుంది, చేతిలో గ్లాసు ఉండగా వదిలేస్తుంది. అప్పుడు సాకెట్ మళ్లీ చేయించాలి, దాని ఖర్చు మళ్లీ మీదే. రెండో నెలలో ఖరీదైన చెయ్యి పెట్టించుకున్న వాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

ఇంకో పక్క ఆలస్యం చేస్తే వేరే నష్టం. ఒంటి చేత్తో చొక్కా తొడుక్కోవడం, బండెడు పనులు చేసుకోవడం అలవాటైపోయిన మనిషికి పెట్టుడు చెయ్యి బరువుగా, అడ్డంగా అనిపిస్తుంది. వారం పెట్టుకొని అటక మీద పెడతాడు. అందుకే ఈ వృత్తిలో మొదటి నెలను బంగారు కాలం అంటారు. మీకు అది దాటింది. కొంప మునిగిందేమీ లేదు కానీ, ఇంకో ఆరు నెలలు ఎదురుచూస్తూ కూర్చోవద్దు. కాబట్టి మొదటి చెయ్యి సాదాది, తొందరగా. రెండో చెయ్యి స్టంప్ కొలత నిలబడ్డాక, నిదానంగా.

కొలత నిలబడిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. టైలర్ టేపు తీసుకోండి. మోచేతి మడత దగ్గర, దానికి 5 సెం.మీ. కింద, స్టంప్ చివరికి 2 సెం.మీ. పైన, మూడు చోట్ల చుట్టుకొలత తీయండి. వారానికి ఒకసారి, పొద్దున లేవగానే, కట్టు విప్పిన వెంటనే. సాయంత్రం తీస్తే వాపు కలుస్తుంది, లెక్క తప్పుతుంది. నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి. వరసగా నాలుగు వారాలు తేడా అర సెంటీమీటరు దాటకపోతే అప్పుడు పెద్ద సాకెట్ గురించి మాట్లాడొచ్చు. ఈ పుస్తకం పట్టుకొని వెళితే, పెట్టుడు చేతులు చేసి బిగించే ఏ ప్రోస్థెటిస్ట్ అయినా మీతో మాట్లాడే తీరు మారుతుంది.

ఈలోపు కట్టు. 4 అంగుళాల క్రేప్ బ్యాండేజ్, చెయ్యి సన్నగా ఉంటే 3 అంగుళాలది. కనీసం మూడు కొనండి, ఒకటి చేతికి, ఒకటి ఉతికింది, ఒకటి ఆరుతున్నది. కట్టు ఎప్పుడూ అడ్డంగా గుండ్రంగా చుట్టొద్దు. అట్లా చుడితే తాడుతో బిగించినట్టు రక్తం ఆగి, చివర బుడగలా ఉబ్బుతుంది. ఏటవాలుగా, 8 అంకె ఆకారంలో, స్టంప్ చివర నుంచి మొదలుపెట్టి మోచేయి దాటించాలి. చివర బిగువు ఎక్కువ, పైకి పోయే కొద్దీ వదులు. ఇది తారుమారైతే స్టంప్ కిందికి లావు, పైకి సన్నంగా సొరకాయలా తయారవుతుంది, దానికి సాకెట్ తొడగడం నరకం. ప్రతి 4 గంటలకు విప్పి మళ్లీ కట్టాలి, స్నానం తప్ప మిగతా టైమంతా ఉండాలి. పిన్నీసు వద్దు, స్పర్శ తక్కువైన చోట గుచ్చుకున్నా తెలియదు, ప్లాస్టర్ టేపు వేయండి. ఉతికిన కట్టును దండెం మీద వేలాడదీస్తే సాగిపోతుంది, చాప మీద పరిచి నీడలో ఆరబెట్టండి. కాలు పోయిన మనిషి తన కట్టు తనే కట్టుకుంటాడు, చెయ్యి పోయిన మనిషి కట్టుకోలేడు. ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోవాలి. కుదరకపోతే ష్రింకర్ అనే సాగే తొడుగు అడగండి, ఒంటి చేత్తో ఎక్కించుకోవచ్చు.

ఇంకోటి, మన దగ్గర ప్రతి ఇంట్లో చేసే తప్పు: చెయ్యిని మడిచి మెడకు గుడ్డ కట్టి వేలాడదీయడం. కుట్లు మానాక అది తీసేయండి. అట్లా నెల ఉంటే మోచేయి బిగుసుకుపోతుంది, నిటారుగా చాచలేడు, తర్వాత ఏ సాకెట్ పెట్టినా సగం పనికే వస్తుంది. రోజుకు ఐదు సార్లు, సారికి 10 చొప్పున మోచేయి పూర్తిగా చాచి మడవాలి. చెయ్యి చెవి దాకా ఎత్తాలి. అరచేయి పైకి, కిందికి తిప్పినట్టు మిగిలిన ఎముకను తిప్పాలి. స్టంప్ పొడుగ్గా ఉంటే ఈ తిరుగుడు మిగులుతుంది, అన్నం ప్లేటు పట్టుకోవడానికి, తాళం తిప్పడానికి అదే దిక్కు. రెండు భుజాలు ముందుకు తోసి వెనక్కి లాగడం కూడా చేయించండి. భుజాలకు బెల్టు కట్టి నడిపే చెయ్యి (కింద చెప్తాను) పని చేసేది ఆ భుజం కదలికతోనే.

మచ్చ పూర్తిగా మానింది కాబట్టి రుద్దుడు మొదలుపెట్టొచ్చు. రాత్రి కొంచెం కొబ్బరి నూనెతో బొటనవేలు మచ్చ మీద ఆనించి గుండ్రంగా, చర్మం లోపలి కండ మీద జరిగేట్టు, 5 నిమిషాలు. మచ్చ ఎముకకు అతుక్కుంటే సాకెట్ రాపిడికి అక్కడే చిట్లుతుంది. పగలు స్పర్శ అలవాటు చేయండి: మొదట దూది, తర్వాత నూలు గుడ్డ, తర్వాత తువ్వాలు, తర్వాత గిన్నెలో బియ్యం పోసి అందులో స్టంప్ పెట్టి కదపడం, చివర్లో కందిపప్పు. ముట్టుకుంటేనే జివ్వుమనే స్టంప్ రెండు మూడు వారాల్లో ఒత్తిడి తట్టుకునేంత మొద్దుబారుతుంది.

లేని చెయ్యి నొప్పి గురించి. అది గాలి సోకడం కాదు, మనసు చెదరడం కాదు. మెదడులో ఆ చేతికి కేటాయించిన చోటు అట్లాగే ఉంది, కబురు మాత్రం రావడం లేదు. పిడికిలి బిగిసిపోయినట్టు, గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నట్టు, మంటగా ఉంటుందంటారు. దీనికి అద్దం పద్ధతి ఉంది. బీరువా అద్దం సైజుది ఒకటి మంచం మీద నిలువుగా, ఛాతీకి మధ్యలో వచ్చేట్టు పెట్టండి. స్టంప్ అద్దం వెనక, ఎడమ చెయ్యి ముందు. ఎడమ చేతికి గడియారం, ఉంగరం, దారం ఉంటే తీసేయాలి. అద్దంలో చూస్తూ మెల్లగా పిడికిలి తెరవాలి, మూయాలి, వేళ్లు కదపాలి, అదే పని లేని చేత్తో కూడా చేస్తున్నట్టు అనుకోవాలి. రోజుకు 15 నిమిషాలు, కనీసం 4 వారాలు. మూడు రోజులు చేసి పని చేయలేదని వదిలేసే వాళ్లే ఎక్కువ. చేస్తుంటే నొప్పి పెరిగితే మాత్రం ఆపి డాక్టరుకు చెప్పండి. నిద్ర పోలేనంత నొప్పికి నరాల మందులు ఉంటాయి, అవి డాక్టరు రాసి, డోసు మెల్లగా పెంచాల్సినవి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. స్టంప్ మీద ఒకే ఒక్క చుక్క దగ్గర వేలితో తడితే కరెంటు కొట్టినట్టు ఉందంటే అది వేరే సంగతి. అక్కడ తెగిన నరం చివర గడ్డ కట్టి ఉంటుంది. ఆ చోటును పెన్నుతో గుర్తుపెట్టి ప్రోస్థెటిస్ట్‌కు చూపించాలి, సాకెట్‌లో అక్కడ ఖాళీ వదలాలి. తగ్గకపోతే సర్జన్ దగ్గరికి.

ఇక ఏ చెయ్యి. చూడటానికి మాత్రమే ఉండే చెయ్యి ఒకటి. కాగితం అదిమి పట్టడానికి, సంచి తగిలించుకోవడానికి పనికొస్తుంది, పెళ్లికి, ఫొటోకు పనికొస్తుంది, తేలిక. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, చాలామందికి మనుషుల్లోకి రావడానికి అదే ధైర్యం. ఎల్‌ఎన్-4 అనే ప్లాస్టిక్ చెయ్యి రోటరీ క్లబ్బుల క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు. కరెంటు అక్కర్లేదు, వేళ్లను రెండో చేత్తో బిగించి వస్తువు పట్టిస్తారు. మోచేయి ఉండి, దాని కింద కొంత పొడవు మిగిలిన వాళ్లకే సరిపోతుంది. మీ తమ్ముడికి సరిపోవచ్చు. మొదటి చెయ్యిగా ఇది చెడ్డ ఎంపిక కాదు. జైపూర్ ఫుట్ సంస్థ పేరు కాళ్లకే తెలుసు కానీ వాళ్లు చేతులు కూడా ఇస్తారు.

పొలం పని, మిల్లు పని చేసే మనిషికి నా ఓటు బెల్టుతో నడిచే కేబుల్ చేతికి. భుజాల వెనక 8 అంకెలా బెల్టు, దాని నుంచి సైకిల్ బ్రేకు వైరు లాంటి కేబుల్, అరచేతి స్థానంలో ఉండే ఇనుప కొక్కెం దాకా. భుజం ముందుకు తోస్తే కొక్కెం తెరుచుకుంటుంది, వదిలేస్తే రబ్బరు బ్యాండ్లు మూస్తాయి. మట్టి, నీళ్లు, దుమ్ము తట్టుకుంటుంది. ఎంత గట్టిగా తెరిచిందో భుజానికి తెలుస్తుంది, కరెంటు చేతికి ఆ స్పర్శ లేదు. కొక్కెం అంటే మన వాళ్లు మొహం తిప్పుకుంటారు, చూడటానికి బాగుండదని. అయినా సుతిలి ముడి విప్పాలన్నా, గోనె సంచి అంచు పట్టాలన్నా, నాట్లకు నారు కట్ట ఎత్తాలన్నా కొక్కెం చేసిన పని ఐదు వేళ్ల బొమ్మ చెయ్యి చేయదు. మణికట్టు దగ్గర మార్చుకునే ఏర్పాటు ఉంటుంది, పనికి కొక్కెం, ఊరికి చెయ్యి. రెండూ అడగండి.

కేబుల్ చెయ్యి తీసుకునే రోజు పరీక్ష చేయకుండా ఇంటికి రావొద్దు. మోచేయి 90 డిగ్రీలు మడిచి భుజంతో తెరిస్తే కొక్కెం పూర్తిగా తెరుచుకోవాలి. అదే చెయ్యి నోటి దగ్గర పెట్టి, తర్వాత ప్యాంటు జిప్పు దగ్గర పెట్టి తెరిస్తే కనీసం 70 శాతం తెరుచుకోవాలి. నోటి దగ్గర తెరుచుకోకపోతే తినలేడు, జిప్పు దగ్గర తెరుచుకోకపోతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. చెయ్యి కిందికి వదిలి సుమారు 23 కిలోల లాగుడు ఇస్తే సాకెట్ 2.5 సెం.మీ. కంటే ఎక్కువ జారొద్దు, ఇది ప్రోస్థెటిస్ట్ చేసి చూపించాలి, మీరు ఇంట్లో చేయొద్దు. కేబుల్ రాపిడి కూడా స్ప్రింగ్ కాటాతో కొలుస్తారు. కొక్కెం దగ్గర నేరుగా లాగి తెరవడానికి 4 కిలోలు పడితే, అదే బెల్టు చివర నుంచి లాగితే 5 కిలోలు దాటొద్దు, అంటే లాగిన బలంలో కనీసం 80 శాతం కొక్కేనికి చేరాలి. 7, 8 కిలోలు పడుతుందంటే కేబుల్ గొట్టం ఎక్కడో పదునుగా వంగింది, లేదా లోపల మట్టి పట్టింది. ఆ అదనపు బరువంతా భుజం మోస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, మనిషి చెయ్యి పక్కన పెడతాడు. రబ్బరు బ్యాండ్లు మొదట ఒకటి రెండుతో మొదలుపెట్టి భుజం గట్టిపడ్డాక పెంచుకోవాలి. మొదటిరోజే ఐదు వేసి పంపేవాళ్లు ఉన్నారు. మన ఎండకు రబ్బరు ఎండి పగుళ్లు పడుతుంది, డీజిల్, గ్రీజు తగిలితే ఇంకా తొందరగా. విడి బ్యాండ్లు, ఒక విడి కేబుల్ ఇంట్లో పెట్టుకోండి. కేబుల్ ఎప్పుడూ చివర బిగించిన చోటే పోగు పోగుగా తెగుతుంది, ఒక్క పోగు లేచినా మార్చేయండి.

ఎడమ చంక కింద బెల్టు కోసుకుంటుందని అందరూ అంటారు. లోపల నూలు బనియన్ వేసుకొని దాని మీద బెల్టు వేయాలి. వెనక రెండు పట్టీలు కలిసే చోటు మెడ ఎముక కింద, వెన్నుపూస మీద, ఎడమ వైపుకు కొంచెం జరిగి ఉండాలి. పైకి మెడ మీదికి వస్తుంటే కొలత తప్పింది, సర్దించుకోండి.

కరెంటు చెయ్యి, అంటే మయోఎలక్ట్రిక్, రెండో చెయ్యిగా మంచిదే. ఆఫీసు, షాపు, చదువు ఉన్నవాళ్లకు చాలా మంచిది. కొనే ముందు స్టంప్ మీద ఎలక్ట్రోడ్లు పెట్టి టెస్టర్‌లో చూపించమనండి. లేని చేతి వేళ్లు మూస్తున్నట్టు అనుకుంటే లోపలి కండ, తెరుస్తున్నట్టు అనుకుంటే బయటి కండ బిగుసుకోవాలి. రెండు సిగ్నళ్లు విడివిడిగా రావాలి. రెండూ ఒకేసారి లేస్తే ముందు కండకు శిక్షణ కావాలి, చెయ్యి కాదు. మీ తమ్ముడు ఆ అభ్యాసం ఇప్పటి నుంచే మొదలుపెట్టొచ్చు: రోజుకు మూడు సార్లు, 10 నిమిషాలు, మూసినట్టు, తెరిచినట్టు. రూపాయి ఖర్చు లేదు, కండ కరగకుండా ఉంటుంది, లేని చెయ్యి బిగుసుకునే నొప్పి కూడా కొంత వదులుతుంది. బురద పొలం, పిచికారీ, మిల్లు దుమ్ముకు ఈ చెయ్యి ఓర్చుకోదు. బ్యాటరీ లిథియం, రాత్రి ఛార్జింగ్ పెట్టాలి. మే నెలలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే పాడవుతుంది.

కంపెనీ వాళ్లను ఇవి అడగండి. పారదర్శకమైన ట్రయల్ సాకెట్ వేసి చూపిస్తారా? దాంట్లో చర్మం ఎక్కడ తెల్లబడుతుందో బయటికి కనిపిస్తుంది, అది లేకుండా నేరుగా ఫైనల్ సాకెట్ చేసేవాళ్ల దగ్గర తీసుకోవద్దు. ఏడాదిలో ఎన్నిసార్లు సర్దుబాటు ఉచితం? రిపేరు వరంగల్‌లోనా, హైదరాబాద్ పోవాలా, అప్పటి దాకా వేరే చెయ్యి ఇస్తారా? పైన తొడిగే గ్లవ్ ధర ఎంత, బ్యాటరీ ధర ఎంత? కొలతలు తీసే మనిషికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? చివరి విడత డబ్బు రెండు వారాలు రోజంతా వాడాకే ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

చెయ్యి వచ్చాక మొదటి రోజు పావుగంట, అరగంట, రెండు మూడు సార్లు. తీసిన ప్రతిసారీ చర్మం చూడాలి. ఎర్రగా ఉండటం మామూలే, 10 నిమిషాల్లో పోవాలి. 20 నిమిషాలైనా ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ, ఫొటో తీసి పంపండి. రోజుకు అరగంట చొప్పున పెంచితే రెండు వారాల్లో రోజంతా వస్తుంది. ఉత్సాహంతో మొదటి రోజే ఎనిమిది గంటలు పెట్టుకొని, పుండు పడి, మూడు వారాలు మూలన పెట్టడం చాలా చూస్తాం.

వరంగల్ ఎండ, చెమట. స్టంప్‌ను రాత్రి కడగాలి, పొద్దున కాదు. పొద్దున కడిగితే తడికి చర్మం మెత్తబడి సాకెట్‌కు అంటుకొని ఒరుసుకుంటుంది. పిల్లల సబ్బు, మామూలు నీళ్లు, బాగా కడిగి అద్ది తుడవాలి. డెటాల్, స్పిరిట్ వద్దు. పెట్టుకునే ముందు నూనె వద్దు. పౌడరు కూడా వద్దు, చెమటతో కలిసి ముద్ద కట్టి గరుకు కాగితంలా గీస్తుంది. వెంట్రుకలు గీయొద్దు, మొలిచేటప్పుడు చర్మం లోపలికి తిరిగి సెగ్గడ్డలు లేస్తాయి. కేబుల్ చేతికి లోపల నూలు సాక్స్ ఉంటుంది, రోజుకు కనీసం రెండు మార్చాలి, ఎండాకాలం మూడు. కరెంటు చేతికి ఎలక్ట్రోడ్ల దగ్గర సాక్స్ ఉండకూడదు, మధ్యాహ్నం ఒకసారి తీసి స్టంప్‌నూ సాకెట్‌నూ తుడుచుకోవాలి. సాకెట్ లోపల స్టంప్‌కు తొడిగే సిలికాన్ లైనర్ అయితే రోజూ రాత్రి సబ్బు నీళ్లతో కడిగి, తిరగేసినదాన్ని మళ్లీ సరిచేసి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే గట్టిపడి చిరుగుతుంది.

చెమటకాయలు వస్తే రెండు రోజులు విశ్రాంతి చాలు. గుండ్రంగా అంచులు లేచి దురద పెడితే తామర. అక్కడ జాగ్రత్త: మెడికల్ షాపులో అడిగితే మూడు మందులు కలిపిన, స్టెరాయిడ్ ఉన్న ట్యూబు చేతిలో పెడతారు. రెండు రోజుల్లో దురద పోతుంది, నెలలో తామర రెట్టింపవుతుంది, చర్మం పలచబడి సాకెట్‌కు చిట్లుతుంది. చర్మ డాక్టరు రాసిన ఉత్త ఫంగస్ మందే, చెప్పినన్ని వారాలు. స్టంప్ చివర నల్లగా, ఊదాగా, మొటిమల్లా గట్టిగా తయారవుతుంటే పూతలతో పోదు. సాకెట్ పైన బిగుతుగా ఉండి చివర ఖాళీ ఉందన్నమాట, సాకెట్ మార్చాలి. చీము, జ్వరం, ఎర్రటి గీత పైకి పాకడం, ఎముక చర్మాన్ని పొడుచుకు రావడం, ఇవి కనిపిస్తే చెయ్యి తీసి అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి.

మన జిల్లాల ప్రత్యేకం ఇంకోటి ఉంది, మిర్చి. కాయ ఏరేటప్పుడు, ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు దించేటప్పుడు ఆ ఘాటు సాకెట్ లోపలికి చేరి చెమటతో కలిస్తే మంట తట్టుకోలేరు. నీళ్లతో కడిగితే పోదు, ఇంకా పాకుతుంది, ఎందుకంటే ఆ ఘాటు నీటిలో కరగదు. ముందు వంట నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బు. సాకెట్ లోపలా అంతే, చివర్లో నూనె జిడ్డు పూర్తిగా పోవాలి. మిర్చి పని రోజుల్లో సాకెట్ పై అంచు మీదికి పొడవు చేతుల చొక్కా లాగి రబ్బరు వేసుకోవాలి. ఇక గ్లవ్ మీద పసుపు, కుంకుమ, వార్తాపత్రిక సిరా, కొత్త జీన్స్ రంగు పడితే పీవీసీ గ్లవ్ లోపలికి ఇంకిపోతాయి. వెంటనే స్పిరిట్ దూదితో తుడిస్తే కొంత పోతుంది, మర్నాటికి పోదు. సిలికాన్ గ్లవ్‌కు మరకలు తక్కువ, కానీ మేకు తగిలితే చిరుగుతుంది.

పొయ్యి దగ్గర, వేడి గిన్నెలతో జాగ్రత్త, కాలుతున్నా తెలియదు. ఇనుప కొక్కెంతో మోటారు స్టార్టర్ డబ్బా ముట్టుకోవద్దు. బైక్ గురించి తప్పకుండా అడుగుతాడు: యాక్సిలరేటర్ కుడి చేతికే ఉంటుంది, కొక్కెం హ్యాండిల్‌కు తగిలించి నడపడం అంటే పడ్డప్పుడు బండితో పాటు ఈడ్చుకుపోవడం. బండి మార్పించి, రవాణా శాఖ దగ్గర ఆ మార్పుకు తగిన లైసెన్సు తీసుకున్నాకే.

ఎడమ చేతి అన్నం సంగతి ఇంట్లో పెద్దవాళ్లతో ఒకసారి మాట్లాడండి. ఎడమ చేత్తో తింటున్నాడని, ఎడమ చేత్తో డబ్బులు ఇచ్చాడని మొహం చిట్లించడం ఆపాలి. బాత్రూంలో జెట్ పైపు పెట్టించండి, సబ్బు గుడ్డ సంచిలో వేసి కొళాయికి కట్టండి, చెంచాతో తినడం అలవాటు చేయండి. గోళ్ల కట్టర్‌ను చెక్క ముక్కకు బిగిస్తే స్టంప్‌తో నొక్కి ఎడమ చేతి గోళ్లు తీసుకుంటాడు. తువ్వాలును కొళాయికి చుట్టి మెలిపెడితే పిండటం ఒంటి చేత్తో అవుతుంది. కూరగాయలకు పీటలోకి రెండు స్టీలు మేకులు కింద నుంచి కొట్టి, కాయ గుచ్చి కోయాలి. బరువులన్నీ ఎడమ భుజం మీదే వేస్తే రెండేళ్లలో ఆ భుజం మొరాయిస్తుంది, దాన్నీ కాపాడుకోవాలి.

కాగితాల పని. వికలాంగ సర్టిఫికెట్‌లో మణికట్టు దగ్గర పోతే 60 శాతం, ముంజేతి కింది మూడో వంతులో 65, పై మూడో వంతులో 70 అని లెక్క. 40 శాతం, ఆపైన ఉంటే పింఛను, 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకం కింద, ఆ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్కో క్యాంపుల్లో చెయ్యి ఇస్తారు, సర్టిఫికెట్, ఆధార్, ఆదాయ సర్టిఫికెట్, ఫొటోలు కావాలి. ఒకసారి తీసుకుంటే అదే పనికి మళ్లీ మూడేళ్ల దాకా రాదు, 12 ఏళ్ల లోపు పిల్లలకు ఏడాదే. మిల్లులో జరిగింది కాబట్టి ముందు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, కట్టారా చూడండి, ఉంటే చెయ్యి, పరిహారం అటు నుంచే. లేకపోతే కార్మిక శాఖకు వెంటనే దరఖాస్తు. ఇక్కడ లెక్క వేరు: 1923 నాటి పరిహార చట్టం షెడ్యూల్ ప్రకారం మోచేతి ఎముక కొన నుంచి 11.43 సెం.మీ. లోపే చెయ్యి తెగితే 70 శాతం సంపాదన నష్టం, ఆ పైన మిగిలితే 60. కొలత మిల్లు వాళ్లకు వదలొద్దు, డాక్టరుతో రాయించుకోండి. కుడి బొటనవేలు పోయింది కాబట్టి ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్, బ్యాంకులో కొత్త సంతకం కూడా ఇప్పుడే చేయించండి, లేకపోతే రేషన్ దుకాణం దగ్గర, పింఛను దగ్గర ప్రతి నెలా పంచాయితీ.

ఇదే వరసలో జనగామ నుంచి ఒక అమ్మ పుట్టుకతో ముంజేయి లేని నాలుగేళ్ల పాప గురించి అడిగారు. పాప చేతికి బలవంతంగా చెయ్యి తొడగొద్దు తల్లీ. పుట్టుకతో లేని పిల్లలకు పోయింది అనే భావన ఉండదు, స్టంప్‌తోనే ఎన్నో పనులు కనిపెడతారు. సైకిల్, తాడాట, డ్రాయింగ్ లాంటి ఒక పనికి కావాలని తనే అడిగినప్పుడు ఆ పనికి తగ్గది చేయించండి. ఐదేళ్ల లోపు ఏడాదికోసారి, తర్వాత 12 దాకా ఏడాదిన్నరకోసారి సాకెట్ మారుతుంది, కాబట్టి ఖరీదైనది ఇప్పుడు దండగ.

నర్సంపేట అన్నా, మోచేతి ఎముక కొన నుంచి స్టంప్ చివరి దాకా ఎన్ని సెంటీమీటర్లు, మోచేయి పూర్తిగా చాస్తున్నాడా, ముంజేయి తిరుగుతుందా, తడితే కరెంటు కొట్టే చోటు ఉందా, ఈ నాలుగూ రాయండి. కట్టు విప్పి ముందు, పక్క, చివర నుంచి మూడు ఫొటోలు, మొహం రాకుండా పెట్టండి. ఎల్‌ఎన్-4 సరిపోతుందా, నేరుగా కేబుల్ చేతికి పోవాలా అనేది అవి చూశాక చెప్తాను.